సంగటి పక్కన ఏముంది?

మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో స్కానింగ్ చేయించుకుని, ఆ కాగితం మీద పీసీఓడీ అనో పీసీఓఎస్ అనో రాసి ఉండటం చూసి, గుండెలో రాయి పడ్డట్టయి ఇంటికొచ్చిన ఆడపిల్లలు, వాళ్ల అమ్మలు ఈ మాటలు వింటుంటారని నా నమ్మకం. వాళ్ల కోసమే ఈ ప్రసంగం. ఇంట్లో వండేది అమ్మ అయినా, అవ్వ అయినా, అత్త అయినా, వాళ్లను కూడా రేడియో దగ్గరికి పిలవండి. ఎందుకంటే నేను చెప్పబోయేది ఎక్కువగా వంటింటి సంగతే.

ముందు భయం గురించి ఒక మాట. అండాశయాల్లో నీటి బుడగలున్నాయన్నారు, అవి పగిలిపోతాయా, ఆపరేషన్ చేసి తీసెయ్యాలా అని అడుగుతుంటారు. అవి గడ్డలు కావు. నెలనెలా పెరిగి విడుదల కావలసిన అండాలు, మధ్యలో ఎదుగుదల ఆగిపోయి, చిన్న చిన్న తిత్తుల్లో ఉండిపోయాయి. స్కానింగ్‌లో కనిపించేది ఆ తిత్తులే. వాటిని కోసి తీసేసే పని లేదు. చూడాల్సింది అవి ఎందుకు ఆగిపోయాయని.

ఈ ఇబ్బందిని 1935లో షికాగోలో స్టీన్, లెవెంతాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీలను పరిశీలించి వివరంగా రాశారు. ఆ తర్వాత చాలాకాలం దాన్ని అండాశయాల జబ్బుగానే చూశారు. 2003లో రోటర్‌డామ్‌లో నిపుణులు కూర్చుని కొలమానం ఒకటి తేల్చారు: నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువ కావడం, స్కానింగ్‌లో ఆ తిత్తులు కనిపించడం. ఈ మూడింటిలో రెండు ఉండి, థైరాయిడ్ లాంటి వేరే కారణాలు లేవని తేలితే పీసీఓఎస్ అంటారు, వాడుకలో పీసీఓడీ అన్నా ఇదే. మగ హార్మోన్లు ఎక్కువైన గుర్తులు మనకు తెలిసినవే. గడ్డం మీద, పై పెదవి మీద ముదురు వెంట్రుకలు, తగ్గని మొటిమలు, నడినెత్తిన జుట్టు పల్చబడటం.

ఇక్కడ తల్లులకు ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. పెద్దమనిషి అయిన తొలి ఏడాదంతా నెలసరి అటూ ఇటూ కావడం మామూలే. ఆ వయసు పిల్లల అండాశయాల్లో తిత్తులు ఎక్కువగా కనిపించడం కూడా మామూలే. అందుకే 2023లో వెలువడిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు, ఎదిగే వయసు పిల్లల్లో స్కానింగ్ చూసి పీసీఓఎస్ అని నిర్ధారించవద్దని స్పష్టంగా చెప్పాయి. ఆ వయసులో నెలసరి తేడా, మగ హార్మోన్ల గుర్తులు రెండూ ఉండాలి. పద్నాలుగేళ్ల పిల్లకు ఒక్క స్కానింగ్ కాగితం చూసి జబ్బు అంటగట్టకండి. అలాగని నెలసరి మూడు నెలలకు పైగా రాకపోతే ఊరుకోకండి కూడా.

ఇప్పుడు అసలు సంగతి. 1980లో పరిశోధకులు ఒక ముడి విప్పారు. ఈ స్త్రీలలో మగ హార్మోన్లతో పాటు ఇన్సులిన్ కూడా ఎక్కువగా ఉంటోందని గమనించారు. మనం తిన్న అన్నం, సంగటి, దోసె, అన్నీ చివరికి రక్తంలో చక్కెరగా మారతాయి. ఆ చక్కెరను కండరాల్లోకి పంపేది ఇన్సులిన్. కొందరి శరీరంలో కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినవు. పిలిచినా పలకని మనిషిని ఇంకా గట్టిగా కేకేసినట్టు, క్లోమగ్రంథి అప్పుడు మరింత ఇన్సులిన్‌ను తయారుచేస్తుంది. చక్కెర అదుపులోనే ఉంటుంది. రక్తపరీక్షలో ఏమీ తేడా కనిపించదు. కానీ ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాలకు కూడా చేరుతుంది. కండరాలు వినకపోయినా అండాశయాలు వింటాయి. విని, మగ హార్మోన్లను ఎక్కువగా తయారుచేస్తాయి. మరోపక్క, ఆ హార్మోన్లను పట్టి ఉంచే ఒక ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా చేస్తుంది. దాంతో అవి రక్తంలో స్వేచ్ఛగా తిరుగుతాయి. అండం ఎదగడం ఆగిపోతుంది, నెల తప్పుతుంది.

మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా అవుతుంది చూశారా, అది ఇన్సులిన్ ఎక్కువైందనడానికి గుర్తు. శుభ్రంగా స్నానం చేయడం లేదని పిల్లను తిట్టే తల్లులున్నారు. శనగపిండితో, నిమ్మచెక్కతో రుద్ది రుద్ది మంట పుట్టిస్తారు. అది మురికి కాదమ్మా. రుద్దితే పోదు. లోపల ఇన్సులిన్ తగ్గినకొద్దీ అదే పల్చబడుతుంది.

ఎంతమందికి ఉంది ఇది? పిల్లల్ని కనే వయసు స్త్రీలలో నూటికి 8 నుంచి 13 మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అంచనా వేసింది. మన రాష్ట్రంలోనే ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుంచి 18 ఏళ్ల మధ్య వయసున్న 460 మంది అమ్మాయిలను పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. రోటర్‌డామ్ కొలమానం ప్రకారం 9.13 శాతం మందికి ఉన్నట్టు తేలింది. అంటే తరగతిలో పదకొండు మంది ఆడపిల్లలుంటే వాళ్లలో ఒకరికి. ఇది ఏ ఒక్క ఇంటి రహస్యమూ కాదు, ఏ తల్లీ దాచుకోవలసిన సంగతీ కాదు.

ఇన్సులిన్ ఇందులో ఉందంటే, తిండి ఇందులో ఉన్నట్టే. మన మూడు ఊళ్ల తిండి గురించి ఇప్పుడు మాట్లాడుకుందాం.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. మూడూ మెట్ట ప్రాంతాలే. మన తాతల కాలంలో వరి అన్నం పండగలకూ పెళ్లిళ్లకే. మిగతా రోజుల్లో రాగి సంగటి, సజ్జ రొట్టె, కొర్రన్నం, సామన్నం. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. ఆకలి తీరింది. ఆ మేలును నేను తక్కువ చేసి మాట్లాడను. పస్తులున్న ఇళ్లకు ఆ బియ్యం విలువ తెలుసు. అయితే ఆ తర్వాత పళ్లెంలో తెల్లన్నం పెరిగింది, చేలో పంటలూ మారాయి. ఇప్పుడు మళ్లీ సంగటి గొప్పదనం అందరూ చెబుతున్నారు. హోటళ్ల బోర్డుల మీద సంగటి పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది. బళ్లలో పిల్లలకు రాగి జావ ఇస్తున్నారు. సంతోషమే.

కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. రాగి ఒక్కటే మన పాత తిండి అని, రాగి తింటే పీసీఓఎస్ పోతుందని అనుకోవడం పొరపాటు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు ఆహార పదార్థాల్లో ఏమేమి ఉన్నాయో పట్టికలు వేసింది. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు ఉన్నాయి. తెల్ల బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. అక్కడ రాగి గెలిచింది. కానీ మాంసకృత్తుల్లో చూడండి, రాగుల్లో 7 గ్రాములు, బియ్యంలో సుమారు 8. రాగిలో ఎక్కువేమీ లేదు. పిండిపదార్థం రెండింటిలోనూ దండిగానే ఉంది. పైగా రాగులను మెత్తగా మరపట్టించి, పిండి జల్లించి పొట్టు పారేసి, పల్చగా జావ కాచి, బెల్లం కలిపి తాగితే, అది గబగబా అరిగి చక్కెరను పెంచుతుంది. మధుమేహానికి, పీసీఓఎస్‌కు రాగి జావ మందు అనుకుని పెద్ద గ్లాసు నిండా తాగేవాళ్లు ఇది గమనించాలి.

మన పెద్దల తిండి బలం సంగటిలోనే లేదు. సంగటి పక్కన ఉన్నదానిలో ఉంది. ఉలవలు, అలసందలు, అనపగింజలు, కందులు, పెసలు, చెనక్కాయలు, చేనిగట్టు మీద గిల్లుకొచ్చిన ఆకు. మనం సంగటిని వెనక్కి తెచ్చుకున్నాం. పక్కనున్నవాటిని మరిచిపోయాం. ఇవాళ చాలా ఇళ్లలో పళ్లెం చూస్తే, కొండంత అన్నం, గరిటెడు నీళ్ల చారు, వేలెడంత ఊరగాయ. అన్నం తీసేసి సంగటి ముద్ద పెట్టినా, పక్కన ఆ నీళ్ల చారే ఉంటే ఒరిగేది తక్కువ.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన కొలత ఒకటి గుర్తుపెట్టుకోవడం తేలిక. 2000 కిలోకేలరీల తిండి తినే మనిషికి రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. ఇవన్నీ పచ్చివి, వండకముందు తూకం. అంటే మూడు పాళ్లు ధాన్యం ఉంటే ఒక పాలు పప్పు ఉండాలి. నలుగురున్న ఇంట్లో రోజుకు కిలో బియ్యం, పిండి కలిపి వాడుతుంటే, పప్పులు మూడొందల గ్రాములకు పైన పడాలి. మీ ఇంట్లో ఎంత పడుతోందో ఈ వారం ఒకసారి తూచి చూడండి. చాలామంది గుప్పెడు కందిపప్పుతో నలుగురికి సరిపెడుతున్నారు. ధర ఒక కారణం, కాదనను. అందుకే ఖరీదైన కందిపప్పు ఒక్కదాన్నే పట్టుకోకుండా ఉలవల దగ్గరికి రండి అంటాను.

ఉలవల్లో నూటికి 22 గ్రాముల దాకా మాంసకృత్తులున్నాయి. రాగులకు మూడింతలు. మనవైపు ఉలవలు ఉడకబెట్టి, ఆ కట్టు తీసుకుని చారు పెట్టుకుని, ఉడికిన గింజలను ఎద్దులకు వేసే ఇళ్లు ఉండేవి. చారు రుచి చెప్పనక్కర్లేదు. కానీ మాంసకృత్తులూ, పీచూ చాలావరకు గింజలోనే ఉంటాయి. చారు మీరు తాగి, గింజలు కూడా మీరే తినండి. రాత్రి నానబెట్టి, మూట కట్టి, మొలక వచ్చాక కుక్కర్లో మెత్తగా ఉడికించి, ఎండుమిరపకాయ, ఎర్రగడ్డ, కరివేపాకు తాలింపు పెడితే గుగ్గిళ్లు. సాయంత్రం బేకరీ పఫ్ బదులు ఒక కప్పు గుగ్గిళ్లు తిన్న పిల్ల రాత్రి అన్నం దానంతటదే తగ్గిస్తుంది. ఎవరూ తగ్గించమని చెప్పనక్కర్లేదు.

ఇక అనపకాయ. చలికాలం రాగానే కుప్పం, పుంగనూరు సంతల్లో ఆ వాసన తెలియనివాళ్లెవరు? ధనుర్మాసం వచ్చిందంటే వీధి అరుగుల మీద కూర్చుని గింజలు ఒలిచి, నానబెట్టి, ఒక్కొక్కటే పితికి పప్పు తీస్తారు. సంగటిలోకి పితుకుపప్పు కూర చేసుకోవడం మనకు పండగతో సమానం. ఈ కూర తినే రెండు నెలలూ మన పళ్లెం దాదాపు సరైన పళ్లెమే. నా మాట ఏమిటంటే, అప్పుడు ఎంత పప్పు పెట్టుకుంటామో మిగతా పది నెలలూ అంత పెట్టుకోవాలి. అనపలు లేకపోతే అలసందలు, అవీ లేకపోతే పెసలు, శనగలు. తోలు పితికి పారేసే ఓపిక లేనిరోజు తోలుతోనే గుగ్గిళ్లు చేసుకోండి. పీచు ఇంకా ఎక్కువ దక్కుతుంది.

మదనపల్లె టమోటా దేశమంతా వెళుతుంది. ఆ పంట పండించే ఇళ్లలోనే రక్తహీనత ఉండటం నన్ను బాధపెడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అదే సర్వేలో 36.3 శాతం మంది ఎత్తుకు తగ్గ బరువును మించిపోయారు. రెండూ ఒకేచోట. ఒంట్లో బరువుంది, రక్తంలో ఐరన్ లేదు. పీసీఓఎస్ ఉన్న అమ్మాయికి రెండు మూడు నెలలు రాని నెలసరి ఒక్కసారిగా వచ్చి పదిహేను రోజులు ఆగకపోతే, రక్తహీనత ఇంకా ముదురుతుంది. ఆకుకూరలోని ఐరన్ ఒంటికి బాగా పట్టాలంటే దానితో పాటు విటమిన్ సి ఉండాలి. టమోటాలో, నిమ్మకాయలో, పచ్చిమిరపకాయలో అది ఉంది. ఎక్కువసేపు ఉడికితే కొంత పోతుంది. కాబట్టి తోటకూర పప్పు దించాక పైన నిమ్మకాయ పిండండి. తినే కంచం పక్కన ఒక పచ్చి టమోటా ముక్కలు కోసి పెట్టండి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. టీకీ భోజనానికీ గంటైనా ఎడం ఉండాలి. చెంచలాకు, తోటాకు, మునగాకు, పుల్లటి గోగాకు, ఏది దొరికితే అది, రోజూ ఏదో ఒక ఆకు ఇంట్లోకి రావాలి. మునక్కాయలు అమ్ముకుని ఆకును మేకలకు వేసే ఇళ్లను నేనెరుగుదును. మేకలకు కొంత వెయ్యండి, పప్పులో కూడా కొంత వెయ్యండి.

చెనక్కాయ గురించి ఒక హెచ్చరిక. చెనక్కాయలతో చేసే ఊరుబిండి మన సొంత పచ్చడి. చెనక్కాయల్లో మాంసకృత్తులు నూటికి 24 గ్రాముల దాకా, మంచి నూనె 40 గ్రాముల దాకా ఉన్నాయి. నూనె మంచిదే అయినా కేలరీలు ఎక్కువ. రోజుకు ఒక గుప్పెడు చాలు. అదే చెనక్కాయలను బెల్లం పాకంలో ముంచి ఉండలు కడితే లెక్క మారిపోతుంది.

బెల్లం పేరు వచ్చింది కాబట్టి అదీ చెప్పుకుందాం. చిత్తూరు సీమ బెల్లానికి పెద్ద పేరు. అందుకేనేమో మనవాళ్లకు బెల్లం మీద నమ్మకం ఎక్కువ. చక్కెర మానేశాను, బెల్లం టీ తాగుతున్నాను అంటారు. రక్తంలోకి చేరాక ఇన్సులిన్‌కు బెల్లమూ చక్కెరే, తేనె కూడా చక్కెరే. ఇలా కలుపుకునే చక్కెరలన్నీ రోజంతా కలిపి 25 గ్రాములకు మించకుండా ఉంటే మరీ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. చెంచాకు 5 గ్రాములు వేసుకున్నా, రెండేసి చెంచాలతో నాలుగు టీలంటే 40 గ్రాములు అక్కడే అయిపోయాయి. ఇంకా బిస్కెట్లు, బన్ను, సీసాల్లో అమ్మే మామిడి రసం లెక్కకు రాలేదు. బెంగళూరు దగ్గరగా ఉండటం వల్ల మన మూడు ఊళ్లలోనూ వీధికొక బేకరీ. కాలేజీ వదలగానే అక్కడ ఆగి మైదా పఫ్, క్రీమ్ బన్ను తినడం పిల్లలకు అలవాటైంది. పొద్దున ఏమీ తినకుండా బస్సెక్కిన పిల్లకు సాయంత్రం నాలుగింటికి ఆకలి ఆగదు. పఫ్ తిన్నందుకు తిట్టేముందు, పొద్దున ఇంట్లో ఏం పెట్టామో ఆలోచించాలి. రెండు గుడ్లో, పెసరట్టో, ఉడికించిన శనగలో కడుపులో పడి ఉంటే ఆ ఆకలి వేరుగా ఉండేది.

పండ్లు మానక్కర్లేదు. జామ, నేరేడు, బొప్పాయి హాయిగా తినండి. మామిడి కాలంలో మామిడి తినొద్దంటే ఈ నేల మీద పుట్టిన మనిషి ఎలా ఊరుకుంటుంది? ఒక చిన్న పండు, భోజనంలో అన్నం కొంత తగ్గించి, నమిలి తినండి. రసం తీసి తాగొద్దు, అంతే.

పాలు మానేయాలా అని కూడా అడుగుతున్నారు. పీసీఓఎస్ ఉన్నవాళ్లందరూ పాలు, గోధుమలు మానెయ్యాలని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. అలా మానితే మేలని గట్టి ఆధారం లేదు. పాలు పడనివాళ్లు, గోధుమలు నిజంగా సరిపడని జబ్బున్నవాళ్లు వేరు. పుంగనూరు ఆవు పాలలో వెన్న శాతం 8 దాకా ఉంటుందని పేరు. ఆ పాలు దొరికే అదృష్టం ఉంటే, తక్కువ కొలతలో, చక్కెర లేకుండా తాగండి. పెరుగు, మజ్జిగ రోజూ ఉండాలి.

2023 మార్గదర్శకాలు ఒక సంగతి తేల్చిచెప్పాయి. పీసీఓఎస్‌కు ఫలానా ఒక్క ఆహార పద్ధతే మిగతావాటికన్నా గొప్పదని చూపే ఆధారం లేదు. కీటో అని, ఫలానా పొడి అని, నెలకు వేలల్లో డబ్బాలు అమ్మేవాళ్లకు ఈ మాట నచ్చదు. మీ ఇంట్లో వండగలిగింది, మీ పిల్ల ఏడాది పొడుగునా తినగలిగింది ఏదో, అదే ఆమెకు సరైన ఆహారం. అందుకే నేను ఇంతసేపూ ఉలవలు, అనపల చుట్టూ తిరుగుతున్నాను.

బరువు ఎక్కువున్న అమ్మాయి అయితే, ఇప్పుడున్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో నెలసరి కుదురుకుంటుంది. 70 కిలోలున్న అమ్మాయికి 5 శాతమంటే మూడున్నర కిలోలు. సినిమాలో కనిపించే నడుము రానక్కర్లేదు. నెలకు పది కిలోలు తగ్గాలని పస్తులుంటే జుట్టు ఇంకా రాలుతుంది, ఉన్న నెలసరి కూడా ఆగిపోవచ్చు. సన్నగా ఉన్న అమ్మాయిలకు కూడా పీసీఓఎస్ వస్తుంది, అది మరిచిపోవద్దు. పైకి సన్నగా ఉండి పొట్ట దగ్గర మాత్రం కొవ్వు ఉండటం మన దేశంలో ఎక్కువ. అందుకే మన ఆడవాళ్లకు నడుం కొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు. సన్నటి పిల్ల బరువు తగ్గనక్కర్లేదు. పళ్లెంలో పాళ్లు మారితే చాలు, ఒళ్లు కదిలితే చాలు.

ఆ పాళ్లు ఎలా మార్చాలి? సంగటి వండేటప్పుడు బియ్యం తగ్గించి పిండి పెంచండి. పిండి జల్లించకండి, కొంచెం బరకగా పట్టించండి. రెండు ముద్దల చోట ఒక ముద్ద, మీ పిడికిలంత. తగ్గిన ముద్ద చోటు ఖాళీగా ఉంచకూడదు, అక్కడ పప్పు రావాలి, కూర రావాలి. మాంసం తినే ఇళ్లలో గుడ్డు, చేప, కోడి వారానికి నాలుగైదు సార్లు వచ్చినా మంచిదే, నూనెలో ఈదకుండా ఉంటే. ముందు కూర, పప్పు నాలుగు ముద్దలు తిని, ఆ తర్వాత అన్నమో సంగటో తింటే రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుందని చిన్న అధ్యయనాలు చూపించాయి. ఖర్చులేని పని, చేసి చూడొచ్చు. రాత్రి భోజనం టీవీ సీరియళ్లు అన్నీ అయ్యాక పదింటికి కాకుండా, ఏడున్నరకో ఎనిమిదింటికో జరగాలి.

ఈ మార్పు అందరికీ జరగాలి. ఇదే నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది. ఒక్క పిల్లకు వేరే గిన్నెలో చప్పటి కూర వండి, పక్కన అన్నకు, నాన్నకు తెల్లన్నం, అప్పడాలు పెడితే, ఆ పిల్ల ఎన్నాళ్లు తింటుంది? తాను జబ్బు మనిషినని మూడు పూటలా గుర్తు చేసినట్టే కదా. ఈ ఇబ్బంది ఉన్న అమ్మాయిల్లో దిగులు, ఆందోళన మిగతావాళ్లకన్నా ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. మొటిమలు, వెంట్రుకలు చూసి బడిలో ఆటపట్టిస్తారు. ఇంట్లో పెళ్లి మాట ఎత్తి నిట్టూరుస్తారు. చుట్టాలొచ్చి, ఏమే, ఇంత లావయ్యావు అంటారు. ఆ పిల్ల అన్నం ముందు కూర్చుని ఏడవకుండా తినాలంటే, కంచాలన్నీ ఒకేలా ఉండాలి. పిల్లలు పుట్టరేమో అన్న మాట ఆమె చెవిన పడనీయకండి. పీసీఓఎస్ ఉన్న స్త్రీలలో చాలామంది తల్లులవుతున్నారు. కొందరికి మామూలుగానే, కొందరికి అండం విడుదలయ్యే మాత్రలతో.

తిండితో పాటు కదలిక. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే చక్కెరను తీసుకుంటుంది. భోజనం చేశాక పావుగంట నడిచినా ఈ లాభం ఉంది. మన రాష్ట్రపు రెసిడెన్షియల్ కాలేజీ అమ్మాయిలతోనే మరో అధ్యయనం జరిగింది. బెంగళూరులోని స్వామి వివేకానంద యోగ అనుసంధాన సంస్థ పరిశోధకులు 15 నుంచి 18 ఏళ్ల వయసులో పీసీఓఎస్ ఉన్న 90 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు రోజుకు గంట చొప్పున 12 వారాలు యోగా చేసింది. రెండోది మామూలు వ్యాయామం చేసింది. యోగా చేసిన గుంపులో మగ హార్మోను ఎక్కువ తగ్గింది, ఇన్సులిన్ పరిస్థితి ఎక్కువ మెరుగైంది, నెలసరి కూడా బాగుపడింది. బరువులో మాత్రం రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే కాటా మీద ముల్లు కదలకపోయినా లోపల మార్పు జరుగుతుంది. నెల తిరక్కుండానే బరువు తగ్గలేదని నిరాశపడి మానేసే అమ్మాయిలకు ఈ మాట చేరాలి. హార్స్‌లీ కొండలు ఎక్కనక్కర్లేదు. మేడ మీద, బడి మైదానంలో, చేనిగట్టు మీద, ఎక్కడైనా సరే, పెద్దవాళ్లయితే వారానికి రెండున్నర గంటలకు తగ్గకుండా.

తిండి గురించి ఇంత చెప్పి, మందులు అక్కర్లేదని నేను అనను. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. 1915 నాటి క్షయ ఆసుపత్రి. మందులు రాకముందు అక్కడ మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండే వైద్యం. కొందరు బతికారు, కొందరు పోయారు. మందు వచ్చాకే క్షయ లొంగింది. అలాగని తిండి విలువ పోయిందా అంటే లేదు. జార్ఖండ్‌లో క్షయ రోగులకు మందులతో పాటు మంచి ఆహారం ఇచ్చినప్పుడు, బరువు పెరిగినవాళ్లలో మరణాలు తక్కువని 2023లో వెలువడిన అధ్యయనం చూపింది. పీసీఓఎస్‌లోనూ రెండూ పక్కపక్కనే నడవాలి. మూడు నెలలకు పైగా నెలసరి రాకపోతే గర్భాశయం లోపలి పొర మందమవుతూ పోతుంది. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే అది క్యాన్సర్‌కు దారితీసే ముప్పు ఉంది. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మదనపల్లె, పుంగనూరుల్లో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. స్త్రీల డాక్టరుకు చూపించండి. నెలసరి తెప్పించే మాత్రలో, హార్మోను మాత్రలో, మెట్‌ఫార్మినో రాస్తే, పక్కింటి వాళ్లు చెప్పారని మానెయ్యకండి. మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడితే బీ12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది. మాంసం, గుడ్డు ముట్టని ఇళ్ల అమ్మాయిలు ఆ సంగతి డాక్టరును అడగాలి. థైరాయిడ్, రక్తం శాతం, బీపీ చూపించండి. చక్కెర పరీక్ష పరగడుపున ఒక్కటే కాకుండా, 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూసే పరీక్ష చేయించడం మంచిది. గర్భం కోసం చూస్తున్నవాళ్లు ముందే చేయించుకోవాలి, గర్భంతో ఉన్నప్పుడు చక్కెర పెరిగే అవకాశం వీళ్లకు ఎక్కువ కాబట్టి.

ఇంకొక్క సంగతి. పీసీఓఎస్ ఉన్న అమ్మాయిల తండ్రుల్లో, అన్నదమ్ముల్లో మధుమేహం, రక్తపోటు ఎక్కువగా ఉండే అవకాశం ఉందని అవే 2023 మార్గదర్శకాలు గుర్తుచేశాయి. కాబట్టి పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజున, వెంట వచ్చిన నాన్ననూ అన్ననూ బయట బెంచీ మీద కూర్చోబెట్టకండి. వాళ్లకూ బీపీ చూపించి, చక్కెర పరీక్ష చేయించి, ఆ కాగితాలతో ఇంటికొచ్చి, ఉలవలు నానబెట్టండి.